తలుపు పక్క చోటు

సాయంత్రం ఆరు కొట్టేసరికి మా ఆయన డిపో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, తడిగుడ్డ ఒకటి సైకిలు హ్యాండిలుకు చుట్టుకుని మందిరానికి వెళ్ళేవారు. మందిరం గేటు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. పద్నాలుగు బెంచీలూ తుడిచి, కిటికీలు మూసి, తాళం వేసి వచ్చేలోపల నాకు కూర దిగేది. ఇరవై మూడేళ్ళు ఇదే వరస.

ఇప్పుడు ఆ తాళంచెవి నా కొంగున ఉంది. నేనే వెళ్తాను. కానీ పద్నాలుగు బెంచీలు తుడవను. అవి శనివారం యూత్ వాళ్ళు తుడుస్తున్నారు. నేను వెనక బెంచీలో తలుపు పక్కనున్న చివరి చోటు ఒక్కటే తుడిచి, ఆయన తుండు నాలుగు మడతలు పెట్టి అక్కడ పరిచి వచ్చేసేదాన్ని. దీపాలు పెట్టకముందే ఇంట్లో పడి తలుపు గడియ వేసేదాన్ని. వేశానో లేదో అని మళ్ళీ లేచి చూసేదాన్ని. మొన్నటి అక్టోబరు దాకా అలాగే గడిచింది.

మన నర్సీపట్నం ప్రెస్బిటేరియన్ సంఘం పుస్తకంలో మా ఆయన జోసఫ్ రాజు గారి గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరు జాన్ బాబు గారు అడిగారు. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే దిద్దుతానన్నారు. అయితే ఆయన చేసిన మంచి రాయాలంటే నేను చేసిన తప్పు కూడా రాయాలి. రెండూ ఆ చోటులోనే ఉన్నాయి.

ఆయనది ఏటికొప్పాక. వాళ్ళ నాన్న బొమ్మలు చేసేవాళ్ళకు అడవి నుంచి కర్ర మోసుకొచ్చేవాడు. ఇరవై రెండో ఏట ఆర్టీసీ డిపోలో పని దొరికి ఈ ఊరు వచ్చారు. ఇక్కడ ఎవరూ తెలీదు. మొదటి ఆదివారం మందిరానికి వెళ్తే, ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చుని ఉన్నారట. ఏ బెంచీ ఎవరిదో తెలియక కిటికీ బయట నిలబడి పాటలు విని వచ్చేశారు. రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం వర్ధనమ్మ గారని ఒక ముసలావిడ, అప్పటికే చూపు ఆనేది కాదు, వెనక బెంచీలో పక్కకు జరిగి, "ఎవరో నిలబడ్డారు, నీడ పడతంది. కూకో బాబూ" అన్నదట. ఆ బెంచీ ఒక్కటే అడ్డంగా గోడ నుంచి గోడ దాకా ఉంటుంది. అక్కడ ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు అని లేదు.

"నాకు ఆ రోజు ఇచ్చిన చోటు తలుపు పక్కదే, కృపా. అది నాను సచ్చేదాకా మరవను" అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. సంఘ పెద్ద అయ్యాక కూడా ముందు వరసలోకి రాలేదు. కొత్తవాళ్ళు గుమ్మంలో కనపడగానే లేచి కుడిచెయ్యి ఇచ్చేవారు. డిపో గ్రీజు గోళ్ళలోంచి ఎంత తోమినా పోయేది కాదు, అందుకని ఇచ్చేముందు ఒకసారి పంచెకు తుడుచుకునేవారు. కొత్తవాళ్ళకు పాట నెంబరు తీసి చూపించడం, ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో మోచేత్తో చెప్పడం, నాలుగు నెలలయ్యాక పెద్దల ముందుకు తీసుకెళ్ళి "ఈ అమ్మాయికి నాను పూచీ" అనడం, అన్నీ ఆయన పనులే. ఆదివారం నేను మా ఇద్దరికీ సోలెడు బియ్యం పోస్తే, "ఇంకో అరసోల పొయ్యి. ఎవరొస్తారో ఏటో" అనేవారు. వచ్చేవారు కూడా. కొయ్యూరు నుంచి వచ్చిన నర్సమ్మలు, బదిలీ మీద వచ్చిన బ్యాంకు పిల్లలు, చాలామంది మా వంటింట్లో పీట వేసుకుని తిన్నవాళ్ళే.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఛాతీ పట్టేసిందన్నారు. గ్యాస్ అని సోడా తాగారు. బుధవారం కూడా సోడాయే. గురువారం తెల్లారలేదు ఆయనకి.

అప్పటినుంచి నాకు అన్నీ భయమే. ఫోను మోగితే భయం. గేటు చప్పుడైతే భయం. మా అమ్మాయి ఏంజెలిన్ అనకాపల్లి నుంచి రోజూ ఫోను చేస్తుంది, ఆ మోతకే నా గుండె జారుతుంది. "పోయారు" అనే మాట నేను ఎవరితోనూ అనలేదు. అడిగితే తల ఊపేదాన్ని.

ఇక అక్టోబరులో ఆ ఆదివారం సంగతి.

ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం. మందిరం నిండుగా ఉంది. నేను ఆడవాళ్ళ వైపు నాలుగో బెంచీలో కూర్చున్నాను. ఇరవై మూడేళ్ళు ఆ బెంచీలోనే కూర్చున్నాను, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసి ఎరగను. ఆరాధనలో వెనక్కి చూడకూడదని మా అమ్మ నేర్పింది. ఆయన పోయాకే చూడటం మొదలుపెట్టాను, తుండు ఉందో లేదో అని.

ఆరాధన మొదలయ్యే రెండో గంట కొట్టకముందు వెనక్కి చూశాను. చిలకపచ్చ చీర కట్టుకున్న మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి, చేతిలో ఆసుపత్రి స్కానింగు కవరు. తుండు తీసి పక్కన పెట్టి ఆ చోట్లో కూర్చుంది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలీదు.

"ఏటమ్మా, ఆ తుండు ఎందుకు తీసీసావు?"

"కూకుందామనండి" అంది కంగారుగా. "జాగా ఉందనీ..."

"అది మా ఆయన చోటు."

ఆమె నా వంకా తుండు వంకా చూసింది. "పెద్దాయనండీ? ఆయన కూకునేది ఇక్కడ కాదు కదండీ. అదుగో, ఆ పక్కన. ఇది నాకు ఇచ్చారండి. ఎప్పుడొచ్చినా ఇది నీదే అన్నారు. ఏరండీ ఆయన?"

ఆ మాటతో నాకు ఒళ్ళు తెలీలేదు. "లెగు" అన్నాను. "ఇంకెక్కడైనా కూకో. లెగు."

నా గొంతు మందిరమంతా వినపడింది. మాట్లాడని మనిషి మాట్లాడితే అంతే, ఎంత అరిచానో నాకే తెలీలేదు. అందరూ తిరిగి చూశారు. ఆమె లేచి, తుండు నాలుగు మడతలూ సరిచేసి అక్కడే పెట్టి, కవరు గుండెకి అదుముకుని బయటికి వెళ్ళిపోయింది. కోపం లేదు ఆ మొహంలో. భయం ఉంది. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు. ఫిబ్రవరిలో అద్దంలో చూసుకున్నాను.

వెనకాలే పరుగెత్తాల్సింది. పరుగెత్తలేదు. రెండో గంట కొట్టారు. వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. రొట్టె పళ్ళెం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. తీసుకోలేక పక్కావిడకు ఇచ్చేశాను. బల్ల తీసుకోవడం మొదలెట్టిన ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక చిట్టిరాజు గారిని పట్టుకున్నాను. ఆయన రిటైరైన మాస్టారు, సంఘ పెద్ద, మా ఆయనకి ప్రాణ స్నేహితుడు.

"అన్నయ్యా, ఒక్క మాట సెప్పండి. ఆయన ఎక్కడ కూకునేవారు?"

కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. తుడిచి తుడిచి, "ఇప్పుడు అడుగుతున్నావా చెల్లెమ్మా?" అన్నారు.

"సెప్పండి."

"రెండో చోట్లో. తలుపు పక్కది ఎప్పుడూ ఖాళీయే. ఓసారి నడుం నొప్పని నేను అందులో కూర్చుంటే డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. 'నువ్వు ఇక్కడ పుట్టినోడివి, నీకు పద్నాలుగు బెంచీలున్నాయి. ఇది తెలీనోళ్ళది. లెగు' అన్నాడు."

లెగు. ఆయన కూడా అదే మాట అన్నారు. ఎవరితో అన్నారు, నేను ఎవరితో అన్నాను!

"మరి ఎనిమిది నెలల నుంచీ అందరూ నోరు మూసుకుని కూకున్నారేటన్నయ్యా?"

"ఏం చెయ్యమంటావు? పెద్దల మీటింగులో రెండుసార్లు అనుకున్నాం. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని వాదులాడుకుని టీ తాగి లేచాం. ఆ తుండు తీస్తే నువ్వు మందిరానికే రావడం మానేస్తావని మా భయం."

"మధ్యలో కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. నాకే గుర్తొచ్చింది. జులైలో వానలో ఒకతను గొడుగు పట్టుకుని కిటికీ బయట నిలబడ్డాడు. రెండు ఆదివారాలు చూశాను. మూడో ఆదివారం లేడు.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తీశాను. అందులో ఆయన నోటుబుక్కు ఉంది. పోయాక దాన్ని తెరవడానికి చేతులు రాలేదు. కొత్తవాళ్ళ పేర్లు రాసుకునేవారు అందులో. పేరు, ఊరు, పక్కన ఒక ముక్క. చివరి పేజీలో ఇలా ఉంది: "అప్పలలక్ష్మి. నాతవరం దాటి కాలవ గట్టు మీద ఊరు. తలుపు పక్కన కూర్చోబెట్టాను. పాట రాదు, పెదాలు కదిపింది. మూడో వారం నవ్వింది. భోజనానికి రమ్మంటే ఆటో పోద్దంటంది. ఏడో వారం: మొగుడు గుండెజబ్బు మనిషి. డాక్టరు పెద్దాపరేషన్ అన్నాడట. అత్తకు కూడా బాగోలేదట, కొన్నాళ్ళు రాలేనంది. ఎప్పుడొచ్చినా చోటు ఉంటాదని చెప్పాను."

గుండె మనిషి. స్కానింగు కవరు. ఆమె ఆ రోజు ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.  ఆ ఇంట్లో ఈపాటికి ఏమైపోయిందో! ఏమైనా అయితే, ఆఖరి రోజున దేవుడి ఇంటికి వస్తే లేపి తరిమేశారని ఆమె జీవితాంతం తలుచుకోదా? ఆ లేపినది జోసఫ్ రాజు పెళ్ళాం కాదా?

కారియరులో అన్నం, పప్పు, కాస్త వంకాయ కూర సర్దాను. ఎందుకు సర్దానో ఆలోచించలేదు, ఆదివారం చెయ్యి అలవాటు. గుమ్మం దాటాక మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. ఆయన పోయాక ఒంటరిగా ఊరు దాటలేదు నేను. మళ్ళీ వెనక్కి వెళ్ళి గడియ వేసుకుందామనిపించింది. అలా రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారి నాతవరం ఆటోల దగ్గర కొండబాబు నన్ను చూసేశాడు. అతని ఆటో బ్రేకులు మా ఆయనే బాగుచేసేవారు.

"వదినగారేటి! బేగి ఎక్కండి, బేగి ఎక్కండి. ఏయ్ అప్పా, కొంచెం జరుగు, మా రాజన్న ఇంటావిడ."

అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. "ఎక్కడికి జరగమంటావు రా, నీ నెత్తి మీదకా?" అంది కొర్రమీను బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ.

"నా నెత్తి మీద మా ఆవిడ కూకుంది, ఖాళీ లేదు."

అందరూ నవ్వి తలో బెత్తెడు జరిగారు. నేను ఇరుక్కున్నాను. దారంతా కారియరు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వరి ఈనే కాలం, రెండు పక్కలా పచ్చగానే ఉందనుకుంటాను. నాకు ఏమీ కనపడలేదు.

అప్పలలక్ష్మి ఇల్లు ఏదని అడిగితే, కాలవ గట్టు దగ్గర కొండబాబు ఆపి, "ఆ తాటాకు పంచ ఇల్లే. ఆవిడ మొగుడు తాతాజీ ఇల్లంటే ఎవులైనా సెప్తారు. అరగంటలో తిరిగొస్తాను, ఉండండి" అన్నాడు.

దిగి చూశాను. ఆ ఇంటి ముందు జనం. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. గుమ్మంలో చెప్పులు గుట్టగా ఉన్నాయి. మా ఇంటి ముందు ఆ గురువారం కూడా ఇలాగే ఉన్నాయి చెప్పులు.  కాలవ గట్టు మీద కూలబడ్డాను. అయిపోయింది, పోయాడు, నేను చంపేశాను అనుకున్నాను. నోటితో అన్నానేమో కూడా తెలీదు, గడ్డి మోపుతో పోతున్న ఒకామె ఆగి, "ఎవరమ్మా నువ్వు? ఎవులు పోనారు?" అంది.

"అక్కడ... ఆ జనం..."

"ఓలమ్మ! పొద్దుగాలే అపశకునం. తాతాజీని విశాఖ తీసుకెళ్తన్నారు, రేపు ఆపరేషను. సాగనంపడానికి వచ్చేరు. లె లె, మట్టి అంటుకుంటాది."

మధ్యాహ్నం రెండయింది, ఆమెకి పొద్దుగాలేనట. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి వెళ్ళాను.

తాతాజీ పంచలో నులక మంచం మీద ఉన్నాడు. సన్నగా, మొహం పీక్కుపోయి, కళ్ళు మాత్రం చురుగ్గా. అప్పలలక్ష్మి సంచీలో దుప్పటి కుక్కుతోంది. నన్ను చూసి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవరే?" అన్నాడతను.

"మందిరం ఆవిడ."

"ఓహో, తుండావిడా! ఏటండీ, మా ఇంట్లో కూడా జాగా మీదేనని సెప్పడానికి వచ్చేరేటి?"

"నువ్వు ఊరుకో" అని కసిరింది. కానీ నన్ను కూర్చోమనలేదు. అనకపోవడమే న్యాయం.

నిలబడే చెప్పాను. ఏం చెప్పాలో ఆటోలో కూడబలుక్కున్నదంతా పోయింది. "తప్పయిపోయింది అమ్మా. ఆ చోటు మా ఆయనది అనుకున్నాను. నీదని తెలీదు."

"పెద్దాయన ఏరండీ?" అంది మళ్ళీ. ఆ ఉదయం కూడా అదే అడిగింది. "ఆయన ఉంటే ప్రార్థన సేయించుకుందామని వచ్చేనండి."

తల ఊపితే సరిపోయే చోటు కాదది. "పోయారు" అన్నాను. నా నోటితో నేను ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె సంచీ మీద కూర్చుండిపోయింది.  అడగకూడదని నేను కోరుకున్నదే అడిగింది. "ఏ జబ్బుతోటండి?"

తాతాజీ నా వైపే చూస్తున్నాడు. అతని అరచెయ్యి ఛాతీ మీద ఉంది.  అబద్ధం చెప్పనా? నిజం చెప్పి ఈ మనిషిని మంచం మీదే చంపనా? ఆయనైతే ఏం చెప్పేవారో నాకు తట్టలేదు. ఉన్నది ఉన్నట్టే వచ్చింది నోట్లోంచి.

"గుండే. రెండు రోజులు నొప్పంటే గ్యాస్ అని సోడా తాగారు. డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను అన్నాను, గట్టిగా అనలేదు. గట్టిగా అనడం నాకు చేతకాదు. పొద్దున్న మీ ఆవిడ మీద అరిచినంత గట్టిగా ఆయన మీద అరిచి ఉంటే ఉండేవారేమో. మీ ఆవిడ మిమ్మల్ని తీసుకెళ్తంది. మీరు వెళ్తన్నారు. ఆయన వెళ్ళలేదు."

తాతాజీ ఛాతీ మీంచి చెయ్యి తీశాడు. తర్వాత, "సోడా నానూ తాగేనండి. ఇదే సీసా లాగేసింది" అన్నాడు పెళ్ళాన్ని చూపించి.

ఆమె మొహం కొంగులో పెట్టుకుంది. ఏడుస్తూనే, "ప్రార్థన సెయ్యండి" అంది. "ఆయన లేరు కదా. మీరే సెయ్యండి."

నలుగురిలో ప్రార్థన చెయ్యడం నాకు రాదు. స్త్రీల సమాజంలో నా వంతు వస్తే పక్కావిడకు దాటేసేదాన్ని. ఆ రోజు దాటెయ్యడానికి పక్కన ఎవరూ లేరు. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, భయంగా ఉంది. ఇతనికీ, ఈమెకీ, నాకూ. నీకు తెలుసు." అంతకుమించి రాలేదు. ఎంతసేపు అలా ఉన్నానో.

"అయిపోయిందేటి?" అన్నాడు తాతాజీ.

"అయిపోయింది."

"పెద్దాయనది పెద్దగా ఉండేదని సెప్పేది మాయావిడ."

"అవును. ఆయనది పెద్దదే" అన్నాను. కారియరు ఆమె చేతిలో పెట్టాను. దార్లో తినడానికి. ఆమె మూత తీసి చూసి, "ఆటో పోద్దని ఎప్పుడూ మీ ఇంటికి రానేదండి" అంది. అప్పుడు నన్ను కూర్చోమంది.

ఇది జరిగి రెండు వారాలు. గురువారానికి ఆపరేషను వాయిదా పడిందని, తర్వాత అయ్యిందని, ఇంకా అద్దాల గదిలోనే ఉంచారని కొండబాబు చెప్తున్నాడు. "బాగైతే ఇద్దరం వస్తామని సెప్పమంది వదినగారూ" అన్నాడు మొన్న. బాగవకపోతే ఏమిటో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ ఫోను మోగితే నా చెయ్యి ముందుకు వెళ్ళదు.

వెనక బెంచీలో రెండో చోట కూర్చోమని పెద్దలు నన్ను అడిగారు. నాకు చేతకాదన్నాను. "చేతకాని వాళ్ళనే అడుగుతున్నాం, చేతనైనవాళ్ళం మేం ఎనిమిది నెలలు చూశాం కదా" అన్నారు చిట్టిరాజు గారు. పోయిన ఆదివారం కూర్చున్నాను. గుమ్మంలో ఎవరి నీడ పడినా ఒళ్ళు ఝల్లుమంటుంది. లేచి చెయ్యి ఇవ్వాలి. ఇచ్చేముందు నేనూ కొంగుకి తుడుచుకుంటున్నాను.

ఇది రాస్తుంటే ఆదివారం తెల్లారింది. బియ్యం పోశాను. నాకు అరసోల, ఇంకో అరసోల. ఆయన తుండు శనివారం ఉతికి దండెం మీద ఆరేశాను. ఆరిపోయి ఉంటుంది. ఇదివరకటి ఆదివారాల్లో అయితే ఈపాటికి తీసి, మడతలు పెట్టి, చంకన పెట్టుకుని బయల్దేరాలి. కొండల వైపు మబ్బు పట్టింది. మొదటి గంట కొట్టేశారు. తలుపు దగ్గరగా వేసి, తుండు దండెం మీదే వదిలేసి, ఉత్త చేతులతో వెళ్తున్నాను.